ఆరుబయట డెక్‌కి వుడ్ స్టెయిన్: ఏది ఎంచుకోవాలి, ఎలా వేయాలి, ఎలా కాపాడుకోవాలి

చెక్క గోడకి బాగా వేసిన రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అదే రంగు డెక్ (ఇంటి బయట చెక్క పలకలు పరిచి కట్టే వేదిక) మీద వేస్తే కొద్ది కాలానికే పెచ్చులు లేస్తుంది. తప్పు రంగుది కాదు. గోడ మీద పడ్డ వాన జారిపోతుంది. డెక్ మీద పడ్డ వాన నిలుస్తుంది, పలకల సందుల్లోకి దిగుతుంది, కోసిన కొసల్లోంచి లోపలికి ఇంకుతుంది. కింద నుంచి నేల తేమ, పై నుంచి నడినెత్తి ఎండ, వీటికి తోడు చెప్పుల రాపిడి, ఈడ్చే కుర్చీలు. ఇన్నిటినీ తట్టుకుని కలకాలం నిలిచే పూత ఏదీ లేదు.

కాబట్టి స్టెయిన్ (చెక్కకి రంగునిచ్చి కాపాడే పూత) డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడు ‘ఇది ఎన్నేళ్లు ఉంటుంది’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ‘పోయేటప్పుడు ఎలా పోతుంది, దాని మీద మళ్లీ వేయాలంటే ఎంత పని’ అన్నది అంతకంటే ముఖ్యం. మెల్లగా వెలిసి అరిగిపోయే స్టెయిన్ అయితే కడిగి ఇంకో కోటు వేస్తే సరిపోతుంది. పెచ్చులుగా ఊడేదైతే మొత్తం గీకాలి, కెమికల్ పెట్టి తీయాలి, శాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) చేయాలి. ఒక ఏడాది ఎక్కువ నిలుస్తుందని రెండో రకం ఎంచుకుంటే, ఆ మిగిలిన కష్టమంతా తర్వాత ఒకేసారి మీద పడుతుంది.

స్టెయిన్ చేసే పని ఏమిటి

చెక్కలో పోగుల్ని పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందు దాన్నే విరగ్గొడతాయి. విరిగిన లిగ్నిన్ వానకి కొట్టుకుపోయి, పైన వదులు పోగులు మిగులుతాయి. డెక్ బూడిద రంగులోకి మారడం అంటే ఇదే. ఇక నీరు ఇంకినప్పుడు చెక్క ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది; ఇది పదే పదే జరిగి పలకలు నెర్రెలిస్తాయి, వంకరపోతాయి. తేమ 20 శాతం లోపు ఉన్న చెక్కని కుళ్లు పట్టదు. అంతకు మించి తడిగానే ఉండిపోయే చోట్ల, ముఖ్యంగా కొసల దగ్గర, స్క్రూల చుట్టూ, కింది దూలాల మీద పలక ఆనే చోట, బూజు, కుళ్లు మొదలవుతాయి.

స్టెయిన్‌లోని నూనె లేదా రెజిన్ నీటిని ఆపుతుంది. బూజు నిరోధక మందు బూజుని అదుపులో పెడుతుంది. ఎండని ఆపేది మాత్రం ప్రధానంగా పిగ్మెంటే, అంటే అందులో కలిపిన రంగు పొడి. రంగే లేని క్లియర్ సీలర్ వేస్తే చెక్క అందం కనిపిస్తుంది గానీ ఏడాది తిరిగేసరికి బూడిద రంగు వచ్చేస్తుంది. యూవీ నిరోధకాలు కలిపామని లేబుల్ మీద రాసి ఉన్నా ఎండ బాగా పడే డెక్‌కి దాన్ని నమ్ముకోవద్దు.

ఎంత రంగు, ఏ రకం

స్టెయిన్లు రంగు చిక్కదనాన్ని బట్టి ట్రాన్స్‌పరెంట్, సెమీ ట్రాన్స్‌పరెంట్, సెమీ సాలిడ్, సాలిడ్ అని నాలుగు మెట్లుగా దొరుకుతాయి. ట్రాన్స్‌పరెంట్‌లో లేత ఛాయ ఉంటుంది, ఏటా ఒకసారి వేయాల్సి వస్తుంది. సెమీ ట్రాన్స్‌పరెంట్‌లో గ్రెయిన్ (చెక్క పోగుల గీతలు) కనిపిస్తూనే పిగ్మెంట్ సరిపడా ఉంటుంది. నడిచే పలకల మీద మామూలుగా రెండు మూడేళ్లు నిలుస్తుంది. సెమీ సాలిడ్‌లో గ్రెయిన్ సగం మరుగున పడుతుంది. సాలిడ్ స్టెయిన్ పేరుకే స్టెయిన్, పనితీరులో పల్చటి పెయింటే. చెక్క రూపమంతా కప్పేస్తుంది, ఎండని బాగా ఆపుతుంది, మూడు నుంచి ఐదేళ్లు నిలవగలదు. కానీ అది చెక్క మీద పొర కడుతుంది. ఆ పొర కిందికి కొసల నుంచో అడుగు నుంచో నీరు చేరితే బయటికి పోవడానికి దారి ఉండదు. ఎండ వేడికి ఆవిరై పొరని లేపేస్తుంది, అక్కడి నుంచి పెచ్చులూడటం మొదలు.

నడిచే పలకలకి మా సలహా, లోపలికి ఇంకే నూనె రకం సెమీ ట్రాన్స్‌పరెంట్. రెయిలింగ్, స్తంభాలు, మెట్ల నిలువు చెక్కల లాంటి వాటికి సాలిడ్ వేసినా బాధ లేదు, వాటి మీద నీరు నిలవదు, ఎవరూ తొక్కరు. డెక్ చాలా పాతబడి, అతుకుల పలకలు రకరకాల రంగుల్లో ఉండి, నెర్రెలు కప్పాల్సి వస్తే అప్పుడు నేల మీద కూడా సాలిడ్ వేయడంలో అర్థం ఉంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: చిక్కటి రకం వైపు ఎప్పుడైనా వెళ్లొచ్చు, అక్కడి నుంచి పల్చటి రకానికి రావాలంటే పాతదంతా చెక్క దాకా తీసేయాల్సిందే.

రంగు ఎంపికలో కూడా లెక్క ఉంది. మరీ ముదురు రంగు ఎండలో వేడెక్కి వట్టి కాళ్లతో నడవనివ్వదు. మరీ లేత రంగులో పిగ్మెంట్ తక్కువ ఉంటే త్వరగా వెలుస్తుంది. తేనె, లేత గోధుమ, మధ్యస్థంగా ఉండే ఎర్రమట్టి ఛాయలు ఎక్కువ డెక్‌లకి సరిపోతాయి. డబ్బా మీద బొమ్మ చూసి తీర్మానించుకోవద్దు. ఒకే రంగు పైన్ మీద ఒకలా, టేకు మీద ఇంకోలా వస్తుంది. మీ డెక్‌లోనే ఓ మూల, లేదా మిగిలిన ముక్క మీద, శుభ్రం చేసి వేసి, ఎండాక చూడండి.

నూనెదా, నీళ్లదా

నూనె రకాలు లోతుగా ఇంకుతాయి, మళ్లీ వేయడం తేలిక, అతుకుల చారలు తక్కువ. ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, వాసన ఉంటుంది. లిన్సీడ్ లాంటి సహజ నూనెలు బూజుకి ఆహారం కూడా అవుతాయి కాబట్టి నీడ, తేమ ఎక్కువుండే చోట బూజు మందు బాగా కలిపిన రకమే తీసుకోవాలి. నీటి ఆధారిత ఆక్రిలిక్ రకాలు కొద్ది గంటల్లో ఆరతాయి, రంగు ఎక్కువ కాలం నిలుపుకుంటాయి, బ్రష్ నీళ్లతోనే కడుక్కోవచ్చు. అయితే పై పైన ఉండే స్వభావం ఎక్కువ, కాబట్టి కింది చెక్క సరిగ్గా సిద్ధం కాకపోతే పెచ్చులూడతాయి.

పాత పూత ఏదో తెలియకపోతే గుడ్డని, తాగడానికి పనికిరాకుండా చేసిన స్పిరిట్ అయిన డినేచర్డ్ ఆల్కహాల్‌లో ముంచి ఓ చోట గట్టిగా రుద్దండి. రంగు మెత్తబడి గుడ్డకి అంటితే చాలావరకు అది ఆక్రిలిక్. ఆక్రిలిక్ పొర మీద ఇంకే నూనె స్టెయిన్ వేయకూడదు. అది లోపలికి పోలేక పైనే జిగురుగా మిగిలిపోతుంది.

చెక్కని బట్టి జాగ్రత్తలు

కొత్త ప్రెషర్ ట్రీటెడ్ పైన్ (కుళ్లకుండా మందుని ఒత్తిడితో లోపలికి ఎక్కించిన కలప) మందు నీళ్లతో తడిసి వస్తుంది. తేమ మీటర్ పెడితే 15 శాతం లోపు చూపించేదాకా స్టెయిన్ వేయకూడదు. వారాలు పట్టొచ్చు, కొన్నిసార్లు రెండు మూడు నెలలు. మీటర్ లేకపోతే నాలుగు చోట్ల నీటి చుక్కలు వేసి చూడండి. పది నిమిషాల్లో ఇంకితే చెక్క సిద్ధం. ముత్యాల్లా నిలబడితే ఇంకా తడి ఉందని, లేదా రంపం, రందా నునుపు వల్ల పైభాగం మూసుకుపోయిందని అర్థం. ట్రీట్‌మెంట్ తర్వాత బట్టీలో ఆరబెట్టిన కలప అయితే ఇంత ఆగక్కర్లేదు. అలాగని ఏడాది పాటు ఊరికే వదిలేయడమూ తప్పే. పైభాగం బూడిదబారి, ఆ వదులు పోగుల మీద వేసిన స్టెయిన్ వాటితో పాటే రాలిపోతుంది.

టేకు, ఇపే లాంటి గట్టి కలప స్టెయిన్‌ని పెద్దగా తాగదు. వాటికి గట్టి కలప కోసమే చేసిన పల్చటి నూనె, ఒకే ఒక్క కోటు, మిగిలినది తుడిచేయడం. రెండో కోటు వేస్తే మెరిసే జిగురు మరకలు తప్ప ఏం రావు. సెడార్, రెడ్‌వుడ్, టేకులో టానిన్లు (కలపలో ఉండే వగరు పదార్థాలు) ఎక్కువ; ఇనుము తగిలితే నల్ల మరకలు పడతాయి. వాటికి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడండి, స్టీల్ ఊల్‌తో ఎప్పుడూ రుద్దొద్దు.

కడగడం, శాండింగ్

స్టెయిన్ త్వరగా పాడైన డెక్‌లలో చాలావాటిలో లోపం ఈ దశలోనే జరుగుతుంది. ముందు సామానంతా తీసి, పలకల సందుల్లో ఇరుక్కున్న ఆకులు, మట్టి పుట్టీ కత్తితో లాగేయండి. పైకి లేచిన మేకులు దింపండి, వదులైన స్క్రూలు బిగించండి, కుళ్లిన పలకలు మార్చండి.

నల్ల మచ్చలు కనిపిస్తే అవి ఏమిటో తేల్చుకోవాలి. ఓ చుక్క బట్టల బ్లీచ్ వేసి రెండు నిమిషాలు చూడండి. తెల్లబడితే బూజు. మారకపోతే మురికి, లేదా ఇనుము మరక. ఇది పరీక్షకి మాత్రమే, వెంటనే నీళ్లతో కడిగేయండి. డెక్ మొత్తాన్ని క్లోరిన్ బ్లీచ్‌తో కడగొద్దు, అది చెక్క పోగుల్ని బలహీనపరుస్తుంది.

మామూలు శుభ్రతకి సోడియం పెర్కార్బొనేట్ మంచిది. ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో దొరుకుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లకి 30 నుంచి 60 గ్రాములు కలిపి, చెక్కని తడిపి, పోసి, పావుగంట తడిగానే ఉంచండి. ఎండిపోతుంటే ఇంకాస్త నీళ్లు చల్లండి. తర్వాత నైలాన్ బ్రష్‌తో గ్రెయిన్ పోయే దిశలోనే రుద్ది బాగా కడిగేయండి. ఈ ద్రావణం నుంచి ఆక్సిజన్ వెలువడుతూనే ఉంటుంది కాబట్టి మూత బిగించిన డబ్బాలో నిల్వ పెట్టకండి, ఉబ్బి పగలొచ్చు. ఏ రోజుకారోజు కలుపుకోవాలి.

పాత నూనె స్టెయిన్ తీయాలంటే సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న స్ట్రిప్పర్ కావాలి. అది చెక్కని నల్లబరుస్తుంది, క్షార గుణం లోపలే మిగిలిపోతుంది. దాన్ని విరిచేందుకు ఆక్సాలిక్ ఆమ్లం: లీటరు నీళ్లకి సుమారు 30 గ్రాములు, పావుగంట ఉంచి కడిగేయడం. పెర్కార్బొనేట్‌తో కడిగాక కూడా ఇది చేస్తే మంచిది. చెక్క అసలు రంగు తేలుతుంది, ఇనుము మరకలు పోతాయి. ఆక్సాలిక్ ఆమ్లం విషం. చేతులకి రబ్బరు గ్లౌజులు, కళ్లకి గాగుల్స్ తప్పనిసరి, పిల్లలు, పెంపుడు జంతువులు దరిదాపుల్లో ఉండకూడదు. క్లోరిన్ బ్లీచ్‌తో అది కలిస్తే విషవాయువు పుడుతుంది, ఆ రెండూ ఒకే రోజు ఒకే చోట వాడకండి. చుట్టుపక్కల మొక్కల్ని పని ముందూ తర్వాతా నీళ్లతో బాగా తడపండి.

ప్రెషర్ వాషర్ ఉంటే కడగడానికి వాడండి, గీకడానికి కాదు. మెత్తటి చెక్కకి నీటి ఒత్తిడి 500 నుంచి 600 పీఎస్‌ఐ చాలు. వెడల్పుగా విసనకర్రలా చిమ్మే 40 డిగ్రీల నాజిల్ పెట్టి, అడుగు దూరంలో, ఆగకుండా కదుపుతూ పట్టాలి. దగ్గరగా పెడితే పోగులు లేచి నేలంతా ముళ్లలా తయారవుతుంది.

ఆరాక శాండింగ్. 60 లేదా 80 నంబరు పేపర్ దాటొద్దు. 120, 150తో నున్నగా చేస్తే చేతికి హాయిగా ఉంటుంది, కానీ రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ లోపలికి ఇంకదు. రెయిలింగ్ పై పట్టీకి మాత్రం, చేతులు ఆనే చోటు కనుక, 80 నుంచి 100 వరకు పోవచ్చు. దుమ్మంతా ఊడ్చి, వాక్యూమ్ పట్టండి. పాత ప్రెషర్ ట్రీటెడ్ కలప విషయంలో ఓ హెచ్చరిక: ఒకప్పుడు దానికి వాడిన క్రోమేటెడ్ కాపర్ ఆర్సనేట్ మందులో ఆర్సెనిక్ ఉంటుంది. అమెరికాలో తయారీదారులు ఇళ్ల వాడకానికి 2003 చివరితో దాన్ని ఆపేశారు. అంతకు ముందు కట్టిన డెక్ అయితే శాండింగ్ చేయకండి, కలప ముక్కలు కాల్చకండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చని అనుమానముంటే కూడా ముందు పరీక్ష చేయించాలి.

ఎంత కొనాలి

నునుపు చెక్క మీద లీటరు స్టెయిన్ 40 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. గరుకుగా, ఎండిపోయి ఉన్న పాత చెక్క మీద 25 నుంచి 35. డబ్బా మీద రాసిన పై అంకెని నమ్ముకుంటే మధ్యలో అయిపోతుంది. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు డెక్ అంటే 240 చదరపు అడుగులు. పలకల అంచులకి, కొసలకి 15 శాతం కలిపితే 276. లీటరుకి 45 చొప్పున మొదటి కోటుకి ఆరు లీటర్లు దాటుతుంది. రెండో కోటు ఉంటే అందులో మూడింట రెండు వంతులు, నాలుగు లీటర్లు. మొత్తం పది లీటర్లు. రెయిలింగ్ లెక్క వేరు: సన్నని కర్రలకి నాలుగు వైపులా వేయాలి కాబట్టి పొడవు, ఎత్తు గుణించి దాన్ని రెట్టింపు చేసుకోండి. డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలుపుకుంటే డబ్బాకీ డబ్బాకీ ఉండే ఛాయ తేడా పోతుంది.

వేసే రోజు

ఉష్ణోగ్రత 10 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కడిగాక కనీసం రెండు రోజులు ఎండనివ్వాలి, వేశాక మరో రెండు రోజులు వాన రాకూడదు. నీడ పడే పూట చూసుకుని నీడ వెంటే పని చేయండి. ఎండకి కాలిన పలక మీద వేస్తే స్టెయిన్ లోపలికి దిగకుండానే ఆరిపోతుంది. సాయంత్రం మంచు పడే ముందు ఆరేందుకు వ్యవధి కూడా ఉండాలి.

పిగ్మెంట్ అడుక్కి దిగిపోతుంది. కర్రతో అడుగు నుంచి కలపండి, పని మధ్యలో కూడా కలుపుతూ ఉండండి. కలపకపోతే మొదటి పలకలు లేతగా, చివరివి ముదురుగా వస్తాయి. డబ్బాని కుదిపితే బుడగలు పడతాయి.

ముందు రెయిలింగ్, తర్వాత నేల. నేల మీద రెండు లేదా మూడు పలకలు మాత్రమే పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆగకుండా వేయండి. మధ్యలో ఆపాల్సి వస్తే పలక కొస దగ్గరే ఆపాలి. ఆరిన అంచు మీద తడి స్టెయిన్ పడిన చోట రెండు పొరలై చార పడుతుంది, దాన్ని తర్వాత పోగొట్టలేం. నూనె స్టెయిన్‌కి సహజ వెంట్రుకల బ్రష్, నీటి రకానికి సింథటిక్ బ్రష్. నాలుగు అంగుళాలది సరిపోతుంది. విశాలమైన డెక్‌కి కర్ర తగిలించిన స్టెయిన్ ప్యాడ్ నడుముకి మేలు చేస్తుంది. స్ప్రేయర్‌తో చిమ్మినా, రోలర్‌తో వేసినా, వెంటనే బ్రష్‌తో రుద్ది లోపలికి పట్టించాలి.

కోసిన కొసలకి రెండు మూడుసార్లు పట్టించండి. పలక వెడల్పు ముఖం కంటే కొస ఎన్నో రెట్లు ఎక్కువ నీరు పీలుస్తుంది, కుళ్లు కూడా అక్కడే మొదలవుతుంది. డెక్‌ని కొత్తగా కడుతున్నట్లయితే పలకలు బిగించక ముందే అడుగు వైపు, కొసలకి ఒక కోటు వేసుకుంటే తర్వాత అందని చోట్లకి కూడా రక్షణ దొరుకుతుంది.

నూనె రకం వేశాక పదిహేను ఇరవై నిమిషాలు చూడండి. ఇంకకుండా పైన తడిగా మెరుస్తున్న చోట గుడ్డతో తుడిచేయండి. చెక్క తాగినంతే పని చేస్తుంది. పైన మిగిలింది జిగురై దుమ్ము పట్టుకుంటుంది. రెండో కోటు లేబుల్ చెబితేనే, చెప్పిన వ్యవధిలోనే. చాలా ఇంకే రకాలకి మొదటిది పూర్తిగా ఆరక ముందే వేయాలి, ఆరితే రెండోది లోపలికి పోదు.

నూనె అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే గుడ్డలు అంటుకుంటాయి. ఇల్లు తగలబడిన ఘటనలు నిజంగా ఉన్నాయి. ఒక్కో గుడ్డని విడిగా ఆరుబయట పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.

సామాను సర్దడానికి నూనె రకమైతే రెండు రోజులైనా ఆగాలి, రబ్బరు అడుగున్న చాపలకి ఇంకా ఎక్కువ.

తేడా వచ్చినప్పుడు

వారం గడిచినా జిగురుగా ఉంటే ఎక్కువ వేశారని అర్థం. పెయింట్ పల్చన చేసే మినరల్ స్పిరిట్స్‌లో ముంచిన గుడ్డతో గట్టిగా తుడిస్తే చాలావరకు వస్తుంది. ఏడాది లోపే పెచ్చులు లేస్తే చెక్క తడిగా ఉండగా వేసి ఉంటారు, లేదా పాత పూత, బూడిద పోగులు పూర్తిగా పోలేదు. దాని మీద ఇంకో కోటు వేయడం డబ్బు దండగ, వదులైనదంతా తీయాల్సిందే. కొన్ని పలకలు ముదురుగా, కొన్ని లేతగా వస్తే శాండింగ్ ఒకేలా జరగలేదు.

ఏటేటా చూసుకోవలసింది

నెలకోసారి ఊడవండి, సందుల్లో ఆకులు పేరుకోనివ్వకండి. తడి ఆకుల్లోని టానిన్ మరకలు వేస్తుంది, కింద తేమ నిలిచి దూలాలు కుళ్లుతాయి. పూలకుండీల కింద కాళ్లు పెట్టి గాలి ఆడనివ్వండి, లేదంటే ప్రతి కుండీ కింద నల్లటి వలయం మిగులుతుంది. ఏడాదికోసారి తేలికపాటి సబ్బు నీళ్లతో కడిగితే చాలు.

కడిగి ఆరాక తలుపు ముందు, మెట్ల దగ్గర, ఎక్కువ నడిచే చోట నీళ్లు చిలకరించండి. చుక్కలుగా నిలిస్తే ఇంకో ఏడాది ఆగొచ్చు. నిమిషాల్లో ఇంకి చెక్క ముదురు రంగుకి మారితే కోటు వేసే సమయం వచ్చింది. బూడిద రంగు వచ్చేదాకా ఆగకండి. ఈ దశలో అయితే కడగడం, ఆరబెట్టడం, ఒక పల్చటి కోటు, అంతే, రెండు మూడు రోజుల్లో పని ముగుస్తుంది. బూడిద రంగు వచ్చాక మళ్లీ ఆక్సాలిక్ ఆమ్లం, శాండింగ్ అన్నీ మొదటి నుంచి. డెక్ అంతా ఒకేసారి వేయాలన్న నియమం కూడా లేదు. ఎండ పడే భాగం, నడిచే దారి ముందు వెలుస్తాయి. సెమీ ట్రాన్స్‌పరెంట్ నూనె రకంలో ఆ పలకల వరకే కొస నుంచి కొసకి వేసుకోవచ్చు. రెయిలింగ్‌కి నేలకి వేసినంత తరచుగా వేయక్కర్లేదు, ఊరికే వేస్తూ పోతే అక్కడా పొర కడుతుంది.

సాలిడ్ స్టెయిన్ ఉన్న డెక్‌లో లేచిన చోట మాత్రం గీకి, అంచులు శాండ్‌పేపర్‌తో వాలుగా చేసి, తయారీదారు చెబితే ప్రైమర్ పెట్టి, ఆ తర్వాతే వేయాలి. ఎక్స్ గుర్తులా బ్లేడుతో గీసి, టేప్ అంటించి ఒక్కసారిగా లాగితే మిగతా పొర పట్టు తెలుస్తుంది. టేప్‌తో పాటు రంగు ఊడొస్తే అక్కడ కూడా తీసేయాలి.

మిగిలిన స్టెయిన్ మూత గట్టిగా బిగించి, రంగు పేరు, వేసిన తేదీ మూత మీద రాసి పెట్టండి. నీటి రకం గడ్డకడితే పనికిరాదు, మరీ చలి తగిలే చోట ఉంచకండి. ఎప్పుడైనా ఒక పలక మార్చినా, కొస కోసినా, కొత్త స్క్రూ కోసం రంధ్రం వేసినా, బిగించే ముందు ఆ పచ్చి చెక్కకి ఈ మిగిలినది పట్టించండి.